బోర్డర్ ఒకరిది, అన్నం గిన్నె ఇద్దరిదీ

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెయిళ్ళూ వరసపెట్టి చదువుతుంటే ఒక విచిత్రం కనిపించింది. ఎక్కువమంది అడిగింది బోర్డర్ షుగర్ గురించే, అది కొత్తేం కాదు, కానీ రిపోర్టు ఒకరిది, రాసింది ఇంకొకరు. ఆయన రిపోర్టు ఫొటో తీసి ఆవిడ పంపింది, ఆవిడ నంబర్లు ఆయన టైప్ చేశాడు. అసలు రిపోర్టు ఎవరిదో వాళ్ళు ఆ టైంలో పక్క గదిలో టీవీ చూస్తున్నారేమో మరి. సరే, జంటలుగా అడిగారు కాబట్టి జంటలకి చెప్పినట్టే చెప్తాను.

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా వారికి 46 ఏళ్ళు. ఆఫీసువాళ్ళు చేయించిన చెకప్‌లో ఫాస్టింగ్ 114, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మందులు ఇప్పుడే వద్దు, తిండి తగ్గించి నడవమన్నారట. అప్పట్నుంచి ఆయనకి వేరేగా చపాతీలు చేస్తున్నా, నాకూ పిల్లలిద్దరికీ మామూలుగా అన్నం. పదిరోజులు బుద్ధిగా తిన్నారు, పదకొండో రోజు "నేనేమన్నా పేషెంటునా" అని కంచం పక్కకి నెట్టేశారు. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ చప్పుడవుతుంది, వెళ్ళి చూస్తే పెరుగన్నం, పక్కన ఆవకాయ. ఈయన్ని ఎలా దారిలో పెట్టాలి? - ఓ గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, నేను కాస్త మీవారి పక్షమే, ఏమనుకోకండి. నలుగురూ ఒక బల్ల మీద కూర్చుని, ముగ్గురు వేడన్నంలో పప్పూ నెయ్యీ కలుపుకుంటుంటే నాలుగో మనిషి ఎండు చపాతీ నమలాలంటే నాకైనా కంచం నెట్టేయాలనిపిస్తుంది.

ముందు నంబర్ల సంగతి. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, అది 5.7 లోపుంటే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా మనం బోర్డర్ అంటున్నది, 6.5 నుంచి షుగర్. ఫాస్టింగ్ 100 నుంచి 125 మధ్య ఉంటే బోర్డరే, 126 నుంచి షుగర్ లెక్క. అంటే మీవారు సరిగ్గా మధ్యలో ఉన్నారు, వెనక్కి రాగలిగిన చోటే ఉన్నారు. కంగారు అక్కర్లేదు గానీ "బోర్డరే కదా" అని రిపోర్టుని బీరువాలో పెట్టి మర్చిపోవడమూ కుదరదు.

ఇక చపాతీ. మన దగ్గర అదేదో షుగర్ మందన్నట్టు అయిపోయింది, నిజానికి మూడు చపాతీల్లో ఉన్న పిండిపదార్థం ఇంచుమించు ఒక కప్పు అన్నంలో ఉన్నంతే, తేడా ఏంటంటే చపాతీని లెక్కపెట్టి తింటాం, అన్నాన్ని గరిటెతో వేసుకుంటూ పోతాం, అంతే. కాబట్టి వేరే వంట ఆపేయండి, మీకూ పని తగ్గుతుంది. మార్చాల్సింది ఆయన కంచాన్ని కాదు, ఇంట్లో గిన్నెని.

ఎలాగంటే, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ఇది చదివితే ఏదో పాఠంలా ఉంటుంది గానీ సంచిలోకీ డబ్బాలోకీ మార్చి చూడండి. ఇద్దరికి రోజు మొత్తానికి బియ్యం, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి, ఉప్మా రవ్వ అన్నీ కలిపి అరకిలో. ఇద్దరికి వారానికి ఐదున్నర కిలోల కూరగాయలు. ఇద్దరికి నెలకి నూనె రెండు లీటర్ల లోపే. ఇప్పుడు మీ ఇంటి పద్దు తీయండి, బియ్యం బస్తా ఎన్నాళ్ళకి అయిపోతోంది, రైతుబజార్ నుంచి కూరగాయలు ఎన్ని కిలోలొస్తున్నాయి, నూనె ప్యాకెట్లు ఎన్ని అని. మొదటిసారి లెక్కేసినప్పుడు మా ఇంట్లో ఇద్దరికే నెలకి నాలుగు లీటర్లు తేలింది, డాక్టర్ ఇల్లే మరి, ఎవరికీ చెప్పకండి.

కుక్కర్లో పోసే బియ్యం అందరికీ కలిపి పావువంతు తగ్గించండి, కూర రెట్టింపు చేయండి, పప్పు నీళ్ళలా కాకుండా గట్టిగా వండండి, పిల్లలకి ఆకలైతే వాళ్ళకి పాలూ గుడ్లూ వేరుశనగలూ ఉన్నాయి. తినేటప్పుడు ముందు కూరా పప్పూ నాలుగు ముద్దలు ఉత్తగానే తినేసి ఆ తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. పొద్దున నాలుగిడ్లీల బదులు రెండిడ్లీ ఒక గుడ్డు, లేదా పెసరట్టు, ఉప్మా లేకుండా అండీ, ఎమ్మెల్యే పెసరట్టు కాదు. ఆ రాత్రి ఫ్రిజ్ వ్యవహారం తిండిపోతుతనం కాదు, ఎనిమిదింటికి రెండు చపాతీలూ ఇంత కూరా తిన్న మనిషికి పదకొండింటికి నిజంగానే ఆకలేస్తుంది. కడుపు నిండేలా పప్పో గుడ్డో శనగలో పడితే ఫ్రిజ్ చప్పుడు దానంతటదే తగ్గుతుంది.

ఇంకొక్క మాట, పిల్లల ముందు "మీకు వద్దన్నారు కదా" అనడం మానేయండి. పోలీసు డ్యూటీ చేసే భార్య ఉన్నచోట దొంగతనంగా తినే భర్త తప్పకుండా ఉంటాడు, అటూ ఇటూ మారినా అంతే. అన్నట్టు మీరు ఎప్పుడు టెస్ట్ చేయించుకున్నారు? ఉత్తరంలో రాయలేదు. మొగుడూపెళ్ళాల్లో ఒకరికి షుగర్ ఉంటే రెండోవాళ్ళకి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే 26 శాతం ఎక్కువని 2014లో కెనడావాళ్ళు చాలా అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. పెళ్ళితో రక్తసంబంధం రాదు, వంటిల్లు మాత్రం ఒకటైపోతుంది కదా. ఈ వారమే పరగడుపున వెళ్ళి చేయించుకోండి, ఆయన్ని తోడు తీసుకెళ్ళండి. అప్పుడు ఇంట్లో పేషెంటు ఆయనొక్కడే అన్న మాట పోతుంది.

ప్రశ్న: మేడం, నాకు 35, మా ఆవిడకి 33, ఇద్దరం సాఫ్ట్‌వేర్, కూకట్‌పల్లిలో ఉంటాం. నాకు 5.9, తనకి 5.8. నేను 84 కిలోలు, తను 68. యూఎస్ కాల్స్ వల్ల డిన్నర్ పదిన్నర, అదీ వారంలో నాలుగు రోజులు ఆర్డరే. జిమ్‌కి ఏడాది ఫీజు ఇద్దరం కట్టాం, మొత్తం ఆరుసార్లు వెళ్ళుంటాం. నిజంగా టైం లేదు. ఈ వయసులో ఇంత సీరియస్‌గా తీసుకోవాలా? - ఓ ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: తీసుకోవాలి తమ్ముడూ. ఎందుకో చెప్తా. అమెరికాలో 3234 మంది బోర్డర్ వాళ్ళ మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గి వారానికి 150 నిమిషాలు నడవడం వాళ్ళలో కొందరికి పెట్టిన టార్గెట్, దాంతో షుగర్ వచ్చే రిస్కు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. దీన్ని అందరూ చెప్తారు. మనవాళ్ళ మీద చెన్నైలో జరిగింది మాత్రం చాలామంది చెప్పరు, డాక్టర్ రామచంద్రన్ గారి బృందం 531 మందితో చేసింది, 2006లో అచ్చయింది. అందులో ఏమీ మార్చుకోనివాళ్ళలో నూటికి 55 మందికి మూడేళ్ళలో షుగర్ వచ్చేసింది, తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో 39 మందికి. వాళ్ళు మీకంటే ఓ పదేళ్ళు పెద్దవాళ్ళే అనుకోండి, కానీ లావుపాటివాళ్ళేం కాదు, సగటు బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 26 లోపే. మన ఒళ్ళు బోర్డర్ మీద ఎక్కువకాలం ఆగదు, అటో ఇటో త్వరగానే తేలిపోతుంది, దాన్ని ఇటు లాగడానికి మీ వయసే మంచి టైం.

జిమ్ వదిలేయండి, ఆ డబ్బు పోయిందనుకోండి. కాల్స్‌లో మీరు మాట్లాడేది ఎంత, వినేది ఎంత? వినే కాల్ ఏదో ఒకటి రోజూ ఉంటుంది కదా, కెమెరా ఆపేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కారిడార్‌లో నడవండి. తిన్న తర్వాత పదిహేను నిమిషాలు ఇద్దరూ కింద సెల్లార్ చుట్టూ తిరిగినా సరే, కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది, అందుకే భోంచేసిన వెంటనే నడిచే నడకకి అంత విలువ. రాత్రి పదిహేను నిమిషాలు ఏడు రోజులు అంటేనే 105 అయిపోయాయి, ఆదివారం పొద్దున ఒక ముప్పావుగంట కలిస్తే 150 వచ్చేశాయి, జిమ్ ముఖం చూడకుండానే. కాకపోతే సెల్లార్ చుట్టూ కబుర్లు చెప్పుకుంటూ ఈడ్చుకుంటూ కాదు, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగంలో.

డిన్నర్‌ని ఏడున్నరకి జరపండి, కాల్స్ మొదలవకముందే. ఆ టైంకి వండలేకపోతే ఆర్డరే పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ ఏడింటికి పెట్టండి, ఒక సింగిల్ బిర్యానీ ఇద్దరూ పంచుకుని, ఇంట్లో కీరా, ఉల్లిపాయ, పెరుగు, రెండు ఉడికించిన గుడ్లు పక్కన పెట్టుకోండి, కూల్‌డ్రింక్ మాత్రం కార్ట్‌లోంచి తీసేయండి. మీకు 7 శాతం అంటే ఆరు కిలోలు, మీ ఆవిడకి ఐదు కిలోల లోపే, ఆర్నెల్లు పెట్టుకోండి. ఇంకో సంగతి, మీరు గురక పెడతారా? మీరు చెప్పరు, మీ ఆవిడని అడగండి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి మళ్ళీ తీసుకోవడం, పగలు తూగడం ఉంటే డాక్టర్‌కి చెప్పండి, దానికీ షుగర్‌కీ దగ్గరి చుట్టరికం.

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 31. పాప కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, ఇన్సులిన్ కూడా తీసుకున్న. డెలివరీ అయినంక పోయిందన్నరు. పాపకి ఇప్పుడు రెండేండ్లు, నేను మళ్ళీ టెస్ట్ చేయించుకోలే. జాగ్రత్తగా తిందామంటే మా అత్తమ్మ "బాలింతరాలు లెక్క ఎండుకపోయినవ్" అని కొసరి కొసరి వడ్డిస్తది. మా ఆయన మంచోడే గానీ "నాకేం లేదు కదా, నువ్వు చేస్కో డైటు" అంటడు. నేను ఒక్కదాన్నే ఎట్ల చేయాలె? - ఓ చెల్లెలు, కరీంనగర్

జవాబు: చెల్లీ, డెలివరీ అయ్యాక షుగర్ పోయింది నిజమే, కానీ ముందుముందు వచ్చే అవకాశం మాత్రం గర్భంలో షుగర్ రానివాళ్ళతో పోలిస్తే నీకు ఏడు రెట్లకి పైనే. డెలివరీ అయిన 6 నుంచి 12 వారాల్లోపు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకి మళ్ళీ రక్తం చూసే పరీక్ష చేయించాలి, తర్వాత కూడా ఒకటి నుంచి మూడేళ్ళకోసారి జీవితాంతం. మన దగ్గర పిల్లకి టీకాలు తప్పకుండా వేయిస్తారు, తల్లి పరీక్ష మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడైనా ఆ గ్లూకోజు పరీక్షే చేయించుకో, ఒట్టి హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్ముకోకు, ఎందుకంటే ఐరన్ తక్కువై రక్తం తక్కువగా ఉంటే ఆ నంబరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, మన ఆడవాళ్ళలో రక్తం తక్కువ లేనిది ఎంతమందికి? రెండో బిడ్డ ఆలోచన ఉంటే కడుపు రాకముందే ఈ పరీక్ష అయిపోవాలి.

అత్తమ్మతో గొడవ పెట్టుకోకు. "తక్కువ తింట" అంటే ఆమెకి కోపమొస్తది, "మీ అమ్మగారి ఇంట్ల చేసుకునేటివి చేసిపెట్టు అత్తమ్మా" అని అడుగు. జొన్నరొట్టె, పెసర్ల గుడాలు, శనగ గుడాలు, చుక్కకూర పప్పు, తోటకూర ఇవన్నీ ఆమెకి చేతిలో విద్యే, వరన్నం మూడు పూటలా తినడమే ఆమె చిన్నప్పటికీ ఇప్పటికీ వచ్చిన తేడా. వడ్డించే చెయ్యి ఆపలేవు, వడ్డించేది మార్చగలవు. కొసరి గుడాలు వడ్డిస్తే ఇంకా మంచిదే.

ఇక ఈ పేరా మీ ఆయన చేతిలో పెట్టు. బాబూ, మీకేం లేదన్నారు, ఎప్పుడు చూపించుకున్నారు? నడుముకి టేపు పెట్టి చూడండి, బొడ్డు దగ్గర, కడుపు లోపలికి పీల్చకుండా, 90 సెంటీమీటర్లు దాటితే మన మగవాళ్ళకి అదే మొదటి హెచ్చరిక, ఆడవాళ్ళకి 80. తల్లికి గర్భంలో షుగర్ ఉంటే పుట్టిన బిడ్డకి కూడా పెద్దయ్యాక బరువూ షుగరూ వచ్చే అవకాశం ఎక్కువ, అంటే మీ పాప కూడా ఈ లెక్కలో ఉంది. మీ ముగ్గురిలో ఇద్దరికి సంబంధించిన విషయాన్ని "నువ్వు చేస్కో" అనడం కుదరదు. రోజూ సాయంత్రం పాపని ఎత్తుకుని అరగంట బయటికి తీసుకెళ్ళండి, మీ ఆవిడ కూడా వస్తుంది, వద్దంటే పాపని మీకిచ్చేసి ఆమె ఒక్కతీ నడుస్తుంది, రెండూ లాభమే. మీ అమ్మగారితో "నాక్కూడా జొన్నరొట్టే పెట్టమ్మా" అని ఒక్కమాట మీరంటే కోడలు నెలరోజులు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది, ఇది అన్యాయమే, కానీ నిజం.

ప్రశ్న: ఇద్దరం రిటైర్డ్ టీచర్లం. పంచదార మానేసి కాఫీలో బెల్లం వేసుకుంటున్నాం, పొద్దున రాగిజావ, బియ్యం కూడా షుగర్ లేని రకం తెప్పిస్తున్నాం. ఇంకేమన్నా మార్చాలా? - కాకినాడ

జవాబు: మాస్టారూ, బెల్లమైనా తేనైనా పంచదారకి చుట్టాలే, రోజుకి నాలుగు కాఫీలు రెండేసి చెంచాలు అనుకుంటే ఎనిమిది చెంచాలు, రంగు మారింది అంతే. మొదటి వారం ఒకటిన్నర చెంచా, తర్వాత ఒకటి, అలా ఇద్దరూ ఒకేసారి తగ్గించుకురండి, ఒకరి కప్పు తీపిగా ఉంటే రెండోవాళ్ళు నిలవలేరు. పల్చటి రాగిజావ గొంతు దిగినంత తొందరగా రక్తంలోకీ దిగుతుంది, అదే రాగిపిండి రొట్టెగానో సంగటిగానో ఆకుకూర పప్పుతో తింటే నయం. షుగర్ లేని బియ్యం అనేది లేదండీ, ఎవరో అంటగట్టారు. షుగర్ నెమ్మదిగా పెంచే రకాలు మాత్రం నిజంగానే ఉన్నాయి, రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, మన బాపట్ల సాంబమసూరినే మెరుగుచేసి హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇచ్చిన ఇంకో రకం, ఈ రెండింటి గ్లైసీమిక్ ఇండెక్సూ (షుగర్ని ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత నెమ్మది) 51 చుట్టుపక్కలే. తినండి, కానీ మంచి బియ్యం కదా అని ఇంకో గరిటె వేసుకుంటే ఆ లాభం ఆ గరిటెలోనే పోతుంది.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం, ఇద్దరికీ 5.8. వెయిట్ ఇక్కడి చార్ట్ ప్రకారం నార్మలే అంటున్నారు, బీఎంఐ 24. వీకెండ్ అయితే పాట్‌లక్, కారు దిగితే నడిచేది లేదు. ఇండియా వచ్చినప్పుడు చూపించుకుంటే చాలా? - ఓ ప్రవాస జంట

జవాబు: చాలదు. ఆ చార్టు 25 దగ్గర గీత గీస్తుంది, మనలాంటి ఆసియా వాళ్ళకి 23 దగ్గరే మొదలు, కాబట్టి మీరిద్దరూ గీత దాటినట్టే. అక్కడే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ గుర్తింపు ఉన్న డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఏడాదిపాటు నడుస్తుంది, నేను పైన చెప్పిన 2002 అధ్యయనంలోంచి వచ్చిందే, ఆసియా వాళ్ళని 23 నుంచే చేర్చుకుంటారు. మీ ఇన్సూరెన్సో ఆఫీసో ఖర్చు భరిస్తుందేమో అడగండి, ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో చేరండి. పాట్‌లక్‌కి పులిహోర తెచ్చేవాళ్ళు ఆరుగురుంటారు, మీరు శనగల చాట్ తీసుకెళ్ళండి, ముందు అయిపోయేది అదే.

ప్రశ్న: డాక్టర్‌గారూ, నాకు 54, మా మిసెస్‌కి 50. నాలుగు నెలల కింద నాకు 6.2, తనకి 6.1. ఇద్దరం కలిసే మొదలుపెట్టాం, అదే తిండి, అదే నడక. ఇప్పుడు నాకు 5.8 అయింది, ఐదు కిలోలు తగ్గాను. తను తగ్గింది కిలోనే, రిపోర్టు మళ్ళీ 6.1. "నా ఒళ్ళే ఇంత, మీరు చేసుకోండి" అని నడక మానేసింది. ఎక్కడ తేడా వచ్చింది? - ఓ బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే "తను సరిగ్గా చేయట్లేదు" అని మీరు రాయలేదు. ముందు ఆవిడకి చెప్పండి, ఏమీ చేయకపోతే మన దగ్గర ఈ నంబరు పైకి పోతుంది, చెన్నైలో ఏమైందో పైన చెప్పాను కదా, నాలుగు నెలలు 6.1 దగ్గరే నిలబడిందంటే అది ఫెయిలైనట్టు కాదు.

కండ ఎక్కువ కాబట్టి మగవాళ్ళకి మొదట్లో బరువు తొందరగా దిగుతుంది. ఆవిడకి 50 అంటున్నారు, నెలసరి ఆగే వయసు, నిద్ర పాడవుతుంది, కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు, తక్కువుంటే ఆ 6.1 పూర్తిగా నమ్మదగ్గ నంబరు కూడా కాదు, ఐరన్ సరిచేసి మళ్ళీ చూడాలి. కీళ్ళకో ఆస్తమాకో స్టెరాయిడ్ వాడుతుంటే అదీ చెప్పాలి.

ఇక "అదే తిండి, అదే నడక" అన్నారు, నాకు కాస్త అనుమానం. ఒక వారం గమనించండి, ఏమీ అనకుండా. అందరూ లేచాక గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక ఎవరు తింటున్నారు? పిల్లలు వదిలేసిన పూరీ ఎవరి నోట్లోకి పోతోంది? మీరు బీచ్ రోడ్డు మీద ఆ చివరిదాకా వెళ్ళి వస్తుంటే, పాలవాడొస్తాడనీ టిఫిన్ చేయాలనీ ఆవిడ సగంలోనే వెనక్కి తిరుగుతోందా? మీరు వచ్చి పేపర్ పట్టుకునే టైంకి ఆవిడ స్టవ్ దగ్గర ఉంటే ఇద్దరి నడకా ఒకటి కాదు. ఇలాంటి ఇళ్ళు నేను చాలా చూశాను, ఆవిడలు ఇది ఎప్పుడూ కంప్లైంటుగా చెప్పరు, అడిగితే "అదెంత పనండీ" అంటారు.

కాబట్టి పొద్దున టిఫిన్ వారంలో నాలుగు రోజులు మీరు చేయండి, పెసలు రాత్రి నానబెడితే పెసరట్టు వేయడం బ్యాంకు లెక్కలంత కష్టం కాదు. మిగిలిన అన్నం గిన్నె మీరు సర్దండి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి, లేదా రేపు ఒక గ్లాసు తక్కువ పోయండి. ఆవిడ నడకకి తోడు వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు, గోడకి చేతులు ఆనించి తోయడం, కాళ్ళకీ చేతులకీ కండ పట్టేలాంటివి చేయించండి, మోకాళ్ళ నొప్పులుంటే ముందు చూపించుకుని. హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్ర రక్తకణాలకి అంటుకున్న షుగర్ని, ఆ కణం బతికేది 120 రోజులు కాబట్టి మూడు నెలల్లోపు మళ్ళీ పరీక్ష చేయించి ప్రయోజనం లేదు. అప్పటికీ కదలకపోయినా, పెరిగినా, డాక్టర్ మెట్‌ఫార్మిన్ గురించి మాట్లాడొచ్చు, దాన్ని ఓటమిలా చూడనక్కర్లేదు. ఈలోపు దాహం ఎక్కువై రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సొస్తున్నా, తిండి బాగానే ఉన్నా బరువు గబగబా పడిపోతున్నా మూడు నెలలు ఆగకండి.

మళ్ళీ రిపోర్టులు వచ్చాక ఇద్దరివీ పంపండి, ఆవిడ హిమోగ్లోబిన్‌తో సహా. ఈసారి ఉత్తరం మాత్రం ఆవిడని రాయమనండి.